రాయగడలో ఉగ్గాని

గుంతకల్లు నుంచి వస్తూ ట్రాన్స్‌ఫర్ కాగితంతో బాటు
మా అక్క కట్టిచ్చిన పప్పులపొడి డబ్బా ఒకటి తెచ్చుకున్నాను.
పదకొండో రోజుకు అది అడుగంటింది.

స్టేషన్ ఎదురుగా "ఆంధ్రా భోజనం", తెలుగులోనే బోర్డు.
ఓనరు పార్వతీపురం మనిషి.
ఉగ్గాని ఉందా అంటే
"అదేటి బాబూ?" అన్నాడు.
బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, ఎర్రగడ్డ తాలింపులో...
చేత్తో గాల్లో పిండి చూపించాను.
"ఉప్మా ఉంది, ఎట్టీమంటావా?"
తెలుగులోనే అడిగాను, తెలుగులోనే చెప్పాడు.
మధ్యలో ఉప్మా చల్లారిపోయింది.

ఈ ఊళ్లో ముఢికి కరువు లేదు.
పొద్దున పకోడీతో, సాయంత్రం ఆవనూనెతో,
డ్యూటీ దిగినవాడి సంచిలో కూడా గలగల.
కొనుక్కొచ్చి క్వార్టర్లో బక్కెట నీళ్లలో పోశాను.
మా బొరుగులు ఎంత నానినా మొండిగా నిలబడతాయి,
మా సీమ మనుషుల్లా
అనబోయాను గానీ, వద్దు.
ఊరికే, గింజ లావు. అంతే.
ఇవి నీళ్లు తగిలీ తగలగానే గంజి.
ఆ గంజికే తాలింపు పెట్టి తిన్నాను.
బల్లి తప్ప ఎవరూ చూడలేదు.

బిసం కటక్ దగ్గర లూప్ లైన్లో గూడ్సు.
రెండు గంటలుగా ఎర్రదీపం.
నియమగిరి మీద మబ్బుకు కూడా సిగ్నలు రాలేదు.
సంతకు పోయి తిరిగొస్తున్న సుంబారిని
అసిస్టెంటు దిబాకర్ హియాల్ కేకేశాడు.
సొరబుర్రలోంచి వంపింది మాండియా పేజ్,
చల్లగా, పుల్లగా, మట్టిరంగులో.
మొదటి గుటకలో
శనక్కాయ చేలో మా జేజి ముంత ఎత్తిన ఏటవాలు కనబడింది.
రెండో గుటకకు అది జేజిది కాదు.
నూక తక్కువ. ఉప్పు లేదు.
ఏదో కట్టె పొగ, నేనెరగని కట్టె.
ఎలా ఉందని ఆమె దిబాకర్‌ని అడిగింది.
"బాగుంది, కానీ..." అన్నాను.
దిబాకర్ "కానీ"ని కువీలో చెప్పలేదు.

మొన్న మా హుసేనప్ప ఎవరెవరి చేతులో మార్చి మార్చి
పంపించాడు బొరుగుల మూట.
సగం నలిగింది. ఐనా అవే.
పప్పులపొడి నేనే కొట్టాను. బజ్జీలకు లావు మిరపకాయ దొరికింది.
నానింది, నిలబడింది, పచ్చగా పొగలు కక్కింది.
నాలుగు నెలల తర్వాత ఉగ్గాని!
దిబాకర్‌ని పిలిచి కంచం నిండా పెట్టాను.

నెమ్మదిగా తిన్నాడు. చేయి కడుక్కోలేదు ఇంకా.
"బాగుంది సార్, కానీ
ఇది అసలు ముఢి కాదు."

కేసింగలో వాళ్లమ్మ
రాత్రి ఉప్పునీళ్లు చల్లి ఆరబెట్టిన బియ్యం,
నల్లబడిన మూకుడు, నది ఇసుక, చీపురుపుల్లల కట్ట...
గాల్లో వేయించి చూపిస్తున్నాడు ఎంగిలిచేత్తో.
రాయగడలో దొరికేది ముఢే కాదట. ఎక్కడా దొరకదట.

ఇంకో బజ్జీ వేశాను అతని కంచంలో.
ఆ గింజలు పేలడం అయ్యేదాకా
కూర్చునే ఉన్నాను.