క్రియ ముందు

కంచిలిలో వెల్డింగ్ షెడ్డు వెనకాల
రాత్రి ఏడింటికి అరబ్బీ పాఠం.
కువైట్ వెళ్ళే కుర్రాళ్ళ మధ్య
జీడి మరకల వేళ్ళతో నేనొక్కర్తినే.

"వాళ్ళ వాక్యంలో క్రియే ముందు,"
అన్నారు ఖాసిం మాష్టారు.
"వచ్చేడు. ఆ తర్వాతే ఎవరన్నది."

మన మాటయితే అలాక్కాదు.
ఢిల్లేసు, నిన్న, పలాసలో, రైలు...
ఒక్కొక్కటే చెబుతుంటే
చివరాఖరిదాకా ఊపిరి బిగబట్టాలి
దిగేడో, దిగలేదో.

బోర్డు మీద 'మాత' అని రాసి
గబుక్కున అరచేత్తో చెరిపేసేరు.
అమ్మా? అన్నాను.
కాదమ్మా, అది ఇప్పుడొద్దులే.

నాకు అన్ని క్రియలూ ఎందుకు,
'జాఅ' ఒక్కటి చాలు.
పిక్కలు కొడుతూ గొణుక్కుంటాను:
వచ్చేడు, వచ్చేడు.

పేరు నేను కలుపుకుంటాను.