నీలం డ్రమ్ము

అనంతపురం మ్యాపు నా దగ్గరొకటుంది.
కాగితం మీద కాదు,
క్లచ్చు తొక్కే ఎడమ మోకాల్లో.
టవర్ క్లాక్ దగ్గర మోకాలికి రద్దీ తెలుస్తుంది,
రుద్రంపేట దాటితే ఎత్తు,
ఆ పైన కంకర,
ఆ పైన నిన్నటిదాకా చెనిక్కాయ పండిన ఎర్రమట్టి మెత్తదనం.

పన్నెండేళ్లుగా ఐదువేల లీటర్లు లాగుతున్నాను.
మొదట్లో ఊరి చివరంటే రంగుడబ్బాల షాపు.
తర్వాత పెట్రోల్ బంకు.
తర్వాత ఇటుకల బట్టీ.
ఇప్పుడు చివరెక్కడని అడిగితే
నిన్న బండి తిప్పుకున్న చోటు చూపిస్తాను.
రేపటికి అక్కడా ఓ గేటు లేస్తుంది,
గేటుకి రెండు సిమెంటు ఏనుగులు,
కంపచెట్ల మధ్య లేక్ వ్యూ అని బోర్డు.
లేకు ఏదని నేనడగను.
వారానికి రెండుసార్లు
నా ట్రాక్టర్ వెనకే వస్తుంది.

బుక్కరాయసముద్రం గుట్టకింద బోరు దగ్గర
ట్యాంకు నిండేదాకా ఇరవై నిమిషాలు.
ఆ రైతు చెనిక్కాయ మానేసి నీళ్లు పండిస్తున్నాడు.
రాత్రిపూట అక్కడినుంచి ఊరు
ఒకప్పుడు అరచేతితో కప్పేంత వెలుతురు.
ఇప్పుడు రెండు చేతులు చాపినా అంచు మిగిలిపోతుంది.

ఇక్కడ వాన కంటే గాలికి పనెక్కువ.
ఆషాఢంలో దుమ్ముని ఇంటింటికీ పంచుతుంది,
కార్డు లేనివాళ్లని కూడా వదలకుండా.
కణేకల్లు దిక్కున ఇసుకదిబ్బలు నడుస్తాయంటారు.
చూశాను, నడుస్తాయి,
మా ప్లాట్ల రాళ్లంత వేగంగా కాదు.

మూడో లైనులో పెద్దక్క.
ఉగ్గాని బండి మీద కూడబెట్టి కొన్న సెంటున్నర జాగా,
ఇంటిముందు నీలం డ్రమ్ము,
దానిమీద తెల్లరంగుతో పేరు,
పక్కింటోళ్లు పొరపాటున ఎత్తుకుపోకుండా.
హారను వినగానే ఆమె పైపు పట్టే తీరు చూడాలి,
ఈనిన ఎనుము పొదుగు పట్టినట్టు.
"ఒన్నూరూ, అడుగున ఓ బిందె మిగిలిందేమో చూడు నాయనా."
మిగలదు. అయినా వంగి చూస్తాను.
ఆ లైనులో బోరు ఎనిమిదొందల అడుగులు దిగింది.
పైకొచ్చింది తెల్లటి రాతిపిండి.
పిల్లలు దాంతో ముగ్గులేశారు.

స్వాతి కార్తెలో ఒక రాత్రి
మేఘం ట్రిప్పుల లెక్క మరిచిపోయింది.
తెల్లారేసరికి లేక్ వ్యూకి లేకు వచ్చింది.
సిమెంటు ఏనుగులు తొండాలదాకా మునిగి
మొదటిసారి నిజమైన ఏనుగుల్లా కనిపించాయి.
తాగేనీళ్ల ట్యాంకరు తోలుకుని వెళ్లాను,
నీళ్ల మధ్యకి నీళ్లు మోసుకుంటూ.
జనమంతా మిద్దెల మీద.
పెద్దక్క కొంగు నెత్తిన వేసుకుని నవ్వింది.
"ఈపొద్దు నీకంటే ముందే ఎవరో పోసిపోయినారబ్బా."
కాసేపాగి అడిగింది,
"నా డ్రమ్ము యాడన్నా కనపడిందా?"

మూడోరోజు దొరికింది.
తడకలేరు వంతెన కింద తుమ్మకంపలో చిక్కుకుని,
మూత లేదు, పేరు చెరగలేదు.
వంతెన మీద నిలబడి
అది వచ్చిన దారిని వెనక్కి చదివాను.
ఫంక్షన్ హాలు గోడ కూలినచోటు,
కార్ల షోరూం కింది గది,
కాన్వెంటు పిల్లలు ఆడుకునే స్థలం,
మూడో లైను.
ఎక్కడా మలుపు తడుముకోలేదు,
ఎవరినీ అడ్రసు అడగలేదు.
మా జేజినాయన ఎనుములు తోలిన వంక ఇదే.
రోడ్డనుకుని దాని వీపుమీద
పన్నెండేళ్లు గేర్లు మార్చాను.

డ్రమ్ము తెచ్చి దించాను.
బురద కడగడానికి చెంబెడు నీళ్లు లేవు.
వచ్చినవన్నీ వచ్చిన తొందరలోనే దిగిపోయాయి.
"ఏ దోవన పోయిండె?"
చెప్పాను. గోడ, షోరూం, బడి.
చాలాసేపు వీధి వాలు వైపు చూసింది,
తను కొన్నది నేలా, వంకా అని
అప్పుడే తేల్చుకుంటున్నట్టు.
తర్వాత లోపలికెళ్లి
ఉగ్గాని బండికి వేసే ఇనుప గొలుసు తెచ్చి
డ్రమ్ముని గేటు స్తంభానికి కట్టేసింది.
గట్టిగా లాగి చూసింది.

"మళ్లా ఎప్పుడొస్తావు?"
"ఎల్లుండి."
"ఎల్లుండి దాకానా!" అంది.
ఆమె కాళ్లకింద బురద
ఇంకా ఆరలేదు.