గొళ్ళెం

లాన్‌రూస్ట్ సంతలో మంగళవారం
బూట్ల డబ్బా అంత అట్టపెట్టెలో
తొమ్మిది ప్రాణాలు కొనుక్కొచ్చాను.
ఆరు కోడిపిల్లలు, మూడు బాతుపిల్లలు.
అమ్మినవాడు చిల్లర లెక్కపెడుతూ
"ఇంతకు ముందు పెంచావా?" అన్నాడు.
"ఆఁ, పెంచాను" అన్నాను.
ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపినవాణ్ణి,
పెంచింది ఒక్క మీసం.

స్నానాల తొట్టిలో రంపప్పొట్టు పరిచి
పైన ఎర్రదీపం వేలాడదీశాను.
కోడిపిల్లలు దాని కింద
పసుపు ముద్దల్లా ఒద్దికగా కూర్చున్నాయి.
బాతుపిల్లలు అరగంటలో
తాగే గిన్నెను మడుగు చేసి
ఆ తడి ఒళ్ళతోనే వాటి మీదెక్కి పడుకున్నాయి.
రాత్రి మూడింటికి నేను
హెయిర్ డ్రయ్యర్‌తో ఒక్కో పిల్లనీ ఆరబెడుతుంటే
నెరిస్ తలుపు పట్టుకుని చాలాసేపు చూసి
"మన పిల్లాడికి ఎప్పుడైనా తల తుడిచావా?"
అని మాత్రం అడిగి, వెళ్ళి పడుకుంది.
అప్పట్లో నాది తెల్లవారుజాము బండి.
ఆ మాట డ్రయ్యర్ చప్పుడులో అనుకున్నాను.

మాది పలకల ఊరు.
బడిలో దిద్దిన పలకా, ఇంటి కప్పూ,
సమాధి మీద పేరూ ఒకే కొండరాయి.
ఇక్కడ వాన వచ్చి పోదు, కాపురముంటుంది.
మా తాత చీల్చి చీల్చి, దగ్గి దగ్గి పోయిన పలకలే
ఏరుకొచ్చి గూటికి కప్పాను.
చినుకు పడితే పెట్టలు దాని కింద అలిగి
ముక్కు బయట పెట్టవు.
బాతులు మెట్ల మీంచి జారి, మెడలు చాచి,
పెరడంతా కలగాపులగం చేసి,
నత్తల్ని బఠాణీల్లా మింగి
నాకేసి తిరిగి ఏదో అంటాయి.
ఒక్క తొట్టిలో పెరిగినవాటి మీద
ఒక్క వాన ఇంత వేరుగా ఎలా కురుస్తుందో!

"మొదటి చలికాలం దాటేదాకా పేర్లు పెట్టకు"
గోడ మీద మోచేతులానించి బ్లోద్వెన్ ముసలమ్మ అంది.
అప్పటికే పెట్టేశాను.
అన్నీ నేను ఆగిన చోట్లే: బెతుస్, పెంట్రె, డోల్విదెలన్.
నడకలో అందరికంటే వెనకబడే బాతు పేరు
ఆఖరి స్టాపు.

జూన్‌లో బెతుస్ కూసింది.
పెట్ట కాదు.
నాలుగిళ్ళ అవతలి రాత్రి డ్యూటీ నర్సు
ఎంతో మర్యాదగా చీటీ పంపింది,
ఒక్క మాట కింద మాత్రం రెండు గీతలు.
నెరిస్ వాళ్ళ అన్న పొలానికి పంపేశాం.
అక్కడేమైందో మేం అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అక్టోబరులో ఒక రాత్రి
రగ్బీ ఆట చూస్తూ కుర్చీలోనే నిద్రపోయాను.
గొళ్ళెం వేశానా?
అన్న అనుమానం రావాల్సింది. రాలేదు.
తెల్లారి గడ్డి మీద మంచు,
మంచు మీద ఈకలు.
ఎవరినో రమ్మన్నట్టు తలుపు బార్లా తెరిచి ఉంది.
రెండు పెట్టలు లేవు. ఒక బాతు లేదు.
నక్కను తిడదామని నోరు తెరిచాను.
తలుపు తెరిచిపెట్టింది అది కాదు కదా.
బ్లోద్వెన్ వచ్చింది.
చెప్పానా, అనలేదు.
వాళ్ళాయన గొర్రెల దొడ్డికి వాడిన
ఇనుప గొళ్ళెం నా చేతిలో పెట్టింది,
నాలుగు మేకులతో సహా.

వేసవిలో పెట్టలు
గుడ్డు గుడ్డుకీ ఊరంతా చాటింపు వేసేవి.
ఫిబ్రవరిలో ఆఖరి స్టాపు
గడ్డి పరిచిన గూళ్ళన్నీ వదిలేసి
బురదలో గుడ్డు పెట్టి
మరిచిపోయి వెళ్ళిపోయింది.
లేత ఆకుపచ్చ. ఇంకా వెచ్చగా ఉంది.
నెరిస్ దాన్ని చేతిగ్లౌజులో చుట్టి
కొడుకింటికి పట్టుకెళ్ళింది.
సాయంత్రం వాడు ఫోన్ చేశాడు:
"నాన్నా, బాతు గుడ్డు ఎంతసేపు ఉడకాలి?"
"నాకూ తెలీదురా."
ఇద్దరం ఫోన్ పెట్టకుండా
వాడి గిన్నెలో నీళ్ళు మరగడం విన్నాం.

ఇప్పుడు రోజూ చీకటి పడ్డాక
టార్చి వేసి లెక్కపెడతాను.
పెట్టలు మూడు. బాతులు రెండు.
మెట్లు దిగి, మళ్ళీ వెనక్కెళ్ళి
గొళ్ళెం ఇంకోసారి లాగి చూస్తాను.
లోపల్నుంచి ఆఖరి స్టాపు
నిద్రమత్తులో గొణుగుతుంది,
వేసే ఉంది, ఇక పోవయ్యా, అన్నట్టు.