తరుగు

ముప్పై ఒక్కేళ్ళు మిర్చి యార్డులో
కాటా పక్కనే నిలబడ్డాను.
హమాలీ టిక్కీ ఎత్తినప్పుడు
వాడి మూలుగు విని చెప్పేవాణ్ణి
నలభై రెండో, నలభై మూడో.
కాయలో తేమ ఉంటే తరుగు.
తాలు కలిస్తే తరుగు.
గోనెకి ఇంతని తరుగు.
రైతులు నా కలం వంక చూసేవాళ్ళు,
నేను వాళ్ళ మొహాల వంక చూసేవాణ్ణి కాదు.

ఇప్పుడు మంగళ, గురు, శనివారాలు
నన్ను కాటా ఎక్కిస్తున్నారు.

"మీరా గారూ, మొన్నటి మీద రెండు కిలోల ఏడొందలు.
నీళ్ళు తాగారు కదూ?"
డయాలసిస్ గదిలో హెప్సిబా అడుగుతుంది.
లేదంటాను.
కాటా ముందు అబద్ధమాడిన వాళ్ళని
ఎంతమందిని చూశానో,
నాకే సిగ్గేస్తుంది.
నా చీటీ మీద ఎండు బరువని ఒకటి రాసి ఉంది,
యాభై ఎనిమిదిన్నర.
నాలుగు గంటలు మిషను
నాలోంచి తేమ తీస్తుంది.
తీసిందంతా ఎవరి ఖాతాలో వేస్తారో
ఇంతవరకూ అడగలేదు.

ఆ మూడో గంటలోనే మొదలైంది,
ఎడమ కనుగుడ్డు మీద ఎవరో
బొటనవేలు పెట్టి నొక్కినట్టు.
ట్యూబులైటు చుట్టూ రంగుల సున్నా.
బీపీ అనుకున్నాను.
గుంటూరు ఎండ అనుకున్నాను.
ఇన్ని జబ్బుల్లో ఒక తలనొప్పి
లెక్కలోకి వస్తుందా అనుకున్నాను.

పట్టుకున్నది డాక్టర్లు కాదు, మొహిద్దీన్‌బీ.
గోంగూర ముట్టొద్దన్నారు నన్ను,
పొటాషియం అట.
ఈ ఊళ్ళో పుట్టినవాడికి చెప్పే మాటేనా అది?
జాలిపడి ఒకరోజు
గోరంత గోంగూర పచ్చడి
పళ్ళెంలో ఎడమ అంచున పెట్టింది.
నేను చారన్నం తిని చెయ్యి కడిగేశాను.
అలిగానేమోనని కాసేపు చూసింది.
తర్వాత నా పళ్ళెం పట్టుకుని
గుమ్మంలో కూర్చుని ఏడ్చింది.
"ఈ మనిషి గోంగూర వదిలాడంటే
కనపడలేదనే కదా."

కొత్తపేటలో కంటాసుపత్రి.
తెల్లటి గిన్నెలాంటి దాంట్లో తల పెట్టించి
చుక్క మెరిస్తే బటన్ నొక్కమన్నారు.
శ్రద్ధగా నొక్కాను.
మధ్యలో చాలాసేపు ఏమీ మెరవలేదు,
మిషను పాడైందేమో అని కూడా అన్నాను.
చివరికి రెండు కాగితాలిచ్చారు, కంటికొకటి.
ఎడమదాంట్లో ఓ పక్కంతా నలుపు.
మిరపలో తాలు తెల్లగా ఉంటుంది.
నా తాలు నల్లగా ఉంది.

గ్లాకోమా, అంది డాక్టరమ్మ.
చిన్నపిల్ల, ఓపిగ్గా చెప్పింది.
కిడ్నీలో ఉన్నదీ సన్నటి జల్లెడే,
కంట్లో నీరు పోయే దారీ సన్నదే,
ఏళ్ళ తరబడి బీపీ రెండు చోట్లా తొక్కింది.
ఒంట్లో నీళ్ళు తోడేస్తుంటే
కొందరికి కంట్లో ఒత్తిడి ఎక్కుతుంది,
కొందరికి ఎక్కదు,
పెద్ద డాక్టర్లలోనే ఇంకా తగువు తేలలేదు.
పోయింది తిరిగి రాదు తాతా,
ఉన్నది కాపాడుకుందాం.

తగువంటే నాకు తెలుసమ్మా.
మాచర్ల వైపు నుంచి వచ్చిన ఒకతను,
పేరు అడగలేదు,
ఇంటి దగ్గర తూచుకొచ్చిన బరువుకీ
నేను రాసిన బరువుకీ
టిక్కీకి కిలోన్నర తేడా అని
నా ఎడమ పక్కనే నిలబడి అడిగాడు,
"అన్నా, ఇంకోసారి తూచవా."
అప్పుడు నా కళ్ళు శుభ్రంగా ఉన్నాయి.
నేను తల తిప్పలేదు.

దీనికీ దానికీ సంబంధం లేదంటుంది మొహిద్దీన్‌బీ.
లేదనే నేనూ అంటాను.

రాత్రి తొమ్మిదింటికి మందు వేస్తుంది.
తల వెనక్కి వాల్చి,
రెప్ప కింద ఒక్క చుక్క,
ముక్కు పక్కన వేలితో నొక్కి పట్టి
రెండు నిమిషాలు లెక్కపెడుతుంది.
"ఈ చుక్క కూడా నీళ్ళ లెక్కలో రాస్తారంటావా?"
అని అడిగాను.
నవ్వింది.
ఎడమ పక్కనుంచి నవ్వింది.
వినపడింది.