టుడుంగ్

పర్లాకిమిడిలో బస్టాండు వెనక సందు.
స్టూడియో బోర్డు మీద పేరు రెండు లిపుల్లో,
ఒరియాలో గుండ్రంగా, తెలుగులో ఇంకాస్త గుండ్రంగా.
లోపలి కంప్యూటర్‌కి మాత్రం ఒకటే భాష.

టుడుంగ్.

బరంపురంలో సెకండ్ హ్యాండుకి కొన్నప్పుడే
దాని కడుపులో ఉంది ఆ కాపలా సాఫ్ట్‌వేర్.
మొదటి నెల ఊరుకుంది.
తర్వాత పావుగంటకోసారి
తెర మూల నుంచి ఎర్రగా తల బయటపెట్టి
నీ రక్షణ గడువు ముగిసింది, అంటుంది.
డబ్బు కట్టమంటుంది.
కిందటి నెల చీటీయే కట్టలేదు నేను.

పెన్‌డ్రైవ్ పెడితే ఒక మోత,
తీస్తే దానికి తిరగమోత.
గుమ్మా నుంచి స్కాలర్‌షిప్ ఫోటోలకొచ్చిన సవర పిల్లలు
ఒకరినొకరు గిల్లుకుని నవ్వేవాళ్ళు.
ఇంట్లో అన్నానికి పిలిచినా
గోడ మూలకి చూసేవాణ్ణి.

మొన్న మంగళవారం లచ్చుమమ్మ వచ్చింది,
మైకుసెట్టు కామేసు పెళ్ళాం.
కొంగుముడిలో ఎవరిదో పెళ్ళి ఫోటో.
వెనక వరసకి కూడా వెనక
యాంప్లిఫయర్ పెట్టె మీద చెయ్యేసి
సగం మొహంతో కామేసు.
"ఇదొక్కటే బాబూ. పదకొండోనాటికి పెద్దది సెయ్యాల."

పెళ్ళికొడుకుని తీసేశాను.
పెళ్ళికూతుర్ని, అక్షింతలు పట్టుకున్న మేనత్తని తీసేశాను.
ఉన్న సగాన్నే తిప్పి లేని సగం చేసి అతికించి
కంటి కింద నీడ తుడుస్తుంటే

టుడుంగ్.

కామేసు నుదుటి మీదే వచ్చి కూచుంది.
నీ రక్షణ గడువు ముగిసింది.

లచ్చుమమ్మ స్టూలు మీంచి లేచిపోయింది.
"ఏటి బాబూ, ఏటంతంది అది?"
"ఏం లేదమ్మా. కరెంటు."
"ఆడుంతే ఏ వైరుదో సెప్పీసును.
కూతెట్టిన మైకుని సెవట్టుకుని ఊరుకోబెట్టీవోడు."

ఆ రాత్రి షట్టరు సగం దించి కూచున్నాను.
కింద కుడిమూల, గడియారం పక్కన, చిన్న స్పీకరు బొమ్మ.
నొక్కితే జాబితా విప్పింది.
తప్పు జరిగితే ఒక మోత, జరగబోతే ఒకటి,
ఏమీ జరగకపోయినా ఒకటి.
అన్నిటికీ పైన, శబ్దాలు వద్దు, అని ఉంది.
ఇన్నాళ్ళూ అక్కడే ఉంది.
కాపలావాడికి వేరే తాళం.
వాడి గదిలోకి వెళ్ళి మూడు టిక్కులు పీకాను.
నిజంగానా? అని అడిగింది.
అడగడానికీ ఓ టుడుంగ్. అదే ఆఖరు.

ఫ్యాను బేరింగు అరిగిందని అప్పుడు తెలిసింది.
పక్కింటి మహారాణా కొమ్ములో కొంగమెడ తీస్తున్న
ఆకురాయి చప్పుడు,
పదేళ్ళ నుంచీ ఉందట.
అవతలి చెంపకి కూడా వచ్చేసిన పుట్టుమచ్చని
చెరిపేసి పడుకున్నాను.

గురువారం ఆధార్ ఫోటోకి రెండేళ్ళ పిల్ల.
తెలుగులో పిలిచాను. ఒరియాలో బతిమాలాను.
తాళాలు ఆడించాను.
దాని చూపంతా చెప్పు మీదే.
ఇదివరకు ఆ మోతకే పిల్లలు ఉలిక్కిపడి తలెత్తేవాళ్ళు,
ఆ రెప్పపాటులోనే నేను నొక్కేవాణ్ణి.
నా పనితనం అనుకున్నాను.

కవరు కోసం గుమ్మంలో లచ్చుమమ్మ నిలబడి ఉంది.
వేరే దారి లేక
కెమెరా వెనక నుంచి నోటితో నేనే అన్నాను,
టుడుంగ్.

పిల్ల చూసింది.
లచ్చుమమ్మ కూడా చూసింది, నా వైపు,
ఇది ఏ వైరుదో అన్నట్టు.