చేపలకు పడే తీగ

తూవూంబాలో మధ్యాహ్నం మూడింటి ఎండకి
మా తొట్టి నీళ్లు కాగుతాయి, స్నానానికి పెట్టినట్టు.
తొట్టంటే పెద్దగా ఊహించుకోకండి.
పాత ఇంటివాళ్లు బట్టలుతికి వదిలేసిన సిమెంటు తొట్టి.
సగం దాకా నేలలో పాతి
ఎనిమిది బంగారు చేపల్ని వదిలాం.
వాటిలో ఒకడు పొట్ట ముందుకేసుకుని
ఎవరికీ దారివ్వకుండా తిరుగుతాడు.
వాడికి తహశీల్దారని పేరుపెట్టింది ఇందుమతి.

ఎనిమిదోదాన్ని కూకబర్రా తన్నుకుపోయింది.
పోయి, కంచె మీద కూర్చుని నవ్వింది.
అది నవ్వు కాదు, దాని కూతే అంత అంటాడు పక్కింటి గ్లెన్.
నాకు తెలుసు. నవ్వే.

అందుకని పందిరి.
పడమటి వైపు రెండు ఇనప గొట్టాలు, మధ్యలో వల.
నీడా కావాలి, చాటూ కావాలి.
ఏం పాకించాలి?

నేను మాంసం ఫ్యాక్టరీలో పనిచేస్తాను.
తెల్లవారుజాము నాలుగింటి నుంచి
ఎముకనీ కండనీ విడదీసే పని.
ఆ చేతులతోనే, గోళ్ల సందులు బ్రష్షుతో తోముకుని,
నర్సరీలో ఒక్కో కుండీ తిప్పి చూస్తూ అడుగుతాను:
"ఇది చేపలకు పడుతుందా?"

బెవ్ నెత్తి మీది కళ్లద్దాలు ముక్కు మీదికి దించుతుంది.
పసుపు గంటల తీగ.
జడలో తురుముకోవచ్చన్నంత ముద్దుగా ఉంది, చెయ్యి చాపాను.
"వద్దు. ఆకూ విషమే, పువ్వూ విషమే, వేరూ విషమే.
దాని మీద వాలిన తేనెటీగ కూడా బాగుపడదు."
విస్టీరియా?
సెప్టెంబరు వస్తే గ్లెన్ ఇంటి ముందు
ఊదా గుత్తులు వీధి మీదికి వేలాడతాయి.
కొమ్మ ఊరికే ఇస్తానన్నాడు పాపం.
"కాయ చిట్లితే గింజలు నీళ్లలోకే.
వేరు మీ తొట్టిని పగలగొట్టి గానీ ఊరుకోదు."
ఐవీ అన్నాను.
ఈసారి మాటలు కూడా ఖర్చు చెయ్యలేదు, తల అడ్డంగా ఊపింది.

వెనక మూల, కలుపని పీకి పారేసిన కుప్పలో
ఎరుపూ పసుపూ నాలుకలు పైకి చాపి
అగ్నిశిఖ.
ఇక్కడికీ వచ్చావా నువ్వు!
మా వైపు దాని దుంప పేరు
ఆడవాళ్లు గొంతు తగ్గించి పలికేవారు.
మా పెద్దత్త పోయిన ఏడు
దొడ్లో ఉన్నవన్నీ తాత దగ్గరుండి తవ్వించేశాడు.
ఎందుకో పిల్లలకి చెప్పలేదు.
గురివింద తన నలుపెరగదంటారు.
అగ్నిశిఖకి మాత్రం ఏం తెలుసు,
నిప్పులా పూయడం తప్ప.

చివరికి స్టార్ జాస్మిన్ తెచ్చాను.
"మంచిపిల్ల" అంది బెవ్, బిల్లు కొడుతూ.
మంచిపిల్లే, కానీ బద్ధకం.
నెలకి జానెడు కూడా పాకలేదు.
ఆ ఖాళీ పూడ్చడానికి
వంటింటి కిటికీలో, గాజు గ్లాసులో
ఎవరూ అడక్కుండానే వేళ్లు తొడిగిన బచ్చలి కాడ నాటాం.
కూరకని కొన్న కట్టలో మిగిలినది.
అది అప్పులవాడిలా వెంటబడి పాకింది,
క్రిస్మస్ నాటికి వల కనిపిస్తే ఒట్టు.

మొన్న ఆదివారం, పనిలేని పొద్దున,
కాఫీ గ్లాసుతో వెళ్లి చూస్తే
తొట్టి ఎర్రగా ఉంది.

ఎరుపు నాకు కొత్త కాదు,
రోజూ బూట్ల కింద చూసేదే.
అయినా మోకాళ్లు వణికాయి.
వంగి లెక్కపెట్టాను. ఆరు.
మళ్లీ లెక్కపెట్టాను. ఆరే.
తహశీల్దారు లేడు.

చెయ్యి ముంచి తీస్తే
ఎరుపు కాదది, ఊదా.
తలెత్తాను. రాత్రి వానకి చితికిన బచ్చలి పళ్లు
నల్లగా, గుత్తులుగా,
ఇంకా ఒక్కో బొట్టూ వదులుతున్నాయి.
నీళ్లలోకి జారిన కొస తీగ దగ్గర
వెడల్పాటి ఆకు కింద, చల్లగా,
లోకంతో పనిలేనట్టు తహశీల్దారు,
తాంబూలం నములుతున్నట్టు
పండు తొక్క నోట్లో ఆడించుకుంటూ.

చెబితే ఇందుమతి నవ్వింది.
కూకబర్రాలా కాదు.
పై ఆకులు కోసి పప్పులోకి పట్టుకెళ్లింది.
నీళ్లని తాకే ఆకుల జోలికి వెళ్లలేదు,
"అవి వాళ్లవి" అంది.

ఆ రోజు నేను గోళ్లు తోముకోలేదు.
సోమవారం నాలుగింటికి
గ్లవ్స్ తొడుక్కునే దాకా
ఆ ఊదా రంగు అలాగే ఉండనిచ్చాను.