చిన్న గేజి

గుణుపురం స్టేషను వెనక రేకుల షెడ్డు.
రెండు పాత లేతులు, ఒక సీఎన్‌సీ మిషను,
దానికి బ్యాంకు వాయిదాలు ఇంకా పంతొమ్మిది.
ఇక్కడే చేశాం
రాకెట్టు గొంతుకి తొడిగే ఉంగరం.

అవును, రాకెట్టుకే.
టీ కొట్టు దైతారి ఇప్పటికీ నమ్మడు.
గ్లాసు చేతికిస్తూ "సొతొ?" అంటాడు,
ప్రతిసారీ కొత్తగా.

పోయిన ఏడు పదహారు ఉంగరాలు.
వెంట్రుకలో సగం తేడా వచ్చినా
పెట్టెతో సహా తిరిగొచ్చేవి.
నాలుగు వచ్చాయి.
అందులో ఒకదానికి మా ఆడపడుచు కొడుకు
గాలిపటం దారం చుట్టుకున్నాడు.

ఈ నెల ఒకటో తారీకున
కింతలి హైమావతి గారికి, అని ఉత్తరం.
ఇకమీదట ఉంగరం మేమే పోసుకుంటాం,
కొత్త మిషను కొన్నాం,
లోహప్పొడి నింపితే రాత్రికి రాత్రి
పొరలు పొరలుగా లేస్తుంది.
ఇంతకాలం సహకరించినందుకు, అంటూ
కింద చాలా అందమైన సంతకం.

కోపం రాలేదు.
లెక్క అర్థమైంది.
ఆ కుర్చీలో నేను కూర్చున్నా అదే చేద్దును.
పది షెడ్లని నమ్ముకుంటే
పది చోట్ల కరెంటు పోతుంది.

వాళ్ల భయం వాళ్లది.
వాళ్లకంటే పెద్దవాడొకడున్నాడు.
వాడి రాకెట్టు
రాయగడ వెళ్లే ఆరు గంటల బస్సు.
నిండితేగాని కదలదు,
కదిలితే టిక్కెట్టు చవక.
దింపేది మెయిన్ రోడ్డు మీద.
అక్కణ్ణించి మూట నెత్తిన పెట్టుకుని
ఎవరింటికి వాళ్లే నడవాలి.
ఉపగ్రహమైనా అంతే,
తన దారి దాకా తనే పాక్కుంటూ పోవాలి.

మా ఉంగరం కొన్నవాళ్లది జీపు.
చెప్పిన గంటకి, నీ గుమ్మం ముందుకి.
డీజిలు మొత్తం నీదే.
పురిటి నొప్పులొస్తే జీపు పిలుస్తారు,
సంతకి ఎవరు పిలుస్తారు?
రోజూ పురుడు పోసుకునే ఊరుందా?

సర్కారు నెలకోసారి మాట్లాడుకుంటే
స్టాండులో నాలుగు జీపులు బతుకుతాయి.
మాట్లాడుకోకపోతే
బస్సు ఒక్కటే మిగుల్తుంది.
ఒక్కటే మిగిలిన రోజున
టిక్కెట్టు ఎంతో బస్సే చెబుతుంది,
ఎక్కాలో వద్దో కూడా.

ఈ షెడ్డు పక్కనే ఒకప్పుడు చిన్నబండి ఆగేది.
పట్టాల మధ్య రెండున్నర అడుగులు.
మా మావయ్య దాంట్లో బొగ్గు వేసేవాడు.
కాశీనగరం దాటాక ఎవరైనా గొడుగు ఊపితే
డ్రైవరు ఆపేసేవాడట.

తర్వాత పెద్ద గేజి వచ్చింది.
గొడుక్కి ఆగదు.
ఎవరూ తప్పు పట్టలేదు,
నేనూ దాంట్లోనే పలాస వెళ్తాను, కూర్చోడానికి చోటుంటుంది.
కాని ఆ చిన్న చక్రాలకి
ఇరుసు సరిచేయడం తెలిసిన చేతులు
ఆ ఏడు ఎటు పోయాయో
ఏ రిజిస్టరులోనూ లేదు.
మావయ్య మాత్రం
సోడా కొట్టు పెట్టాడు, గ్యాసు బాగా ఎక్కించేవాడు.

బెంగుళూరులో ఇంకో కంపెనీకి రాశాను.
వాళ్ల ఇంజినీరు ఫోను చేసి మర్యాదగా మాట్లాడాడు.
మేం బతికుంటే, అన్నాడు.
ఇద్దరం నవ్వాం.
ఫోను పెట్టేశాక
ఆ మాటలో నవ్వు ఎక్కడుందో వెతికాను.

ప్రస్తుతానికి చెరుకు రసం మిషనుకి బుష్షు.
ఇసాకు గొమాంగో లేతు దగ్గర వంగి
మైక్రోమీటరు పెట్టి కొలుస్తున్నాడు,
తీసి మళ్లీ పెడుతున్నాడు.
"ఒరే, దానికి అంత అక్కర్లేదు" అన్నాను.
"తెలుసమ్మా" అన్నాడు.
ఇంకో పొర, కంటికి ఆననంత,
తీసి ఊదాడు.

వాకిట్లో చెరుకుబండి అతను
నలభై రూపాయలు తగ్గించమని
బేరమాడుతున్నాడు.